పోయినవాళ్లంతా అసమర్థులేనా?

"బతకగలిగినవాడు బతికాడు, చేతకానివాడు పోయాడు." ఈ మాట మన క్యాంటీన్‌లో వినపడని రోజంటూ ఉండదు. పరీక్ష తప్పినవాడి మీదా అదే తీర్పు, మూతబడ్డ మగ్గం మీదా అదే, ప్రాజెక్టు కింద మునిగిపోయే కొండ ఊళ్ల మీదా అదే. పైగా అది డార్విన్ చెప్పిన సైన్సు అని ఒక ముద్ర. నిజానికి ఆ "సమర్థుల మనుగడ" అన్న మాట కనిపెట్టింది డార్విన్ కాదు, 1864లో హెర్బర్ట్ స్పెన్సర్. డార్విన్ దాన్ని తర్వాత అరువు తెచ్చుకున్నాడు. సరే, అదలా ఉంచండి. ఈ తీర్పుకు సాక్షిగా మనవాళ్లు తరచూ బోనెక్కించేది నియాండర్తాల్ మనిషిని. మొరటువాడు, మందబుద్ధి, వంగి నడిచేవాడు; తెలివిగల మనం రాగానే తుడిచిపెట్టుకుపోయాడు. కథ ఇంతే. ఈ సాక్ష్యం చెల్లదని నా వాదన.

అసలు ఆయనకు మందబుద్ధి అన్న పేరు ఎట్లా వచ్చింది? 1856లో జర్మనీలో, డ్యూసెల్‌డార్ఫ్ దగ్గర నియాండర్ లోయలో, సున్నపురాయి తవ్వే కూలీలు ఒక గుహలోని మట్టి తోడి పోస్తుంటే ఎముకలు బయటపడ్డాయి. ఎలుగుబంటివి అనుకున్నారు. ఫుల్‌రాట్ అనే స్కూలు మాస్టరు చూసి, ఇవి మనిషివే, కాని మనలాంటి మనిషివి కావు అన్నాడు. బడిపంతులు చెబితే పెద్ద ప్రొఫెసర్లు వింటారా? బాన్ యూనివర్సిటీలో ఒకాయన, ఇతను 1814లో నెపోలియన్ యుద్ధంలో దారి తప్పి వచ్చి గుహలో చచ్చిన కొసాక్కు రౌతు అన్నాడు! ఫిర్కో అంతటివాడు, ఇదేదో జబ్బు మనిషి ఎముక అని తేల్చేశాడు. 1866లో హెకెల్ అయితే ఏకంగా "హోమో స్టుపిడస్" అని, అంటే మూఢమానవుడని పేరు పెట్టమన్నాడు. అప్పటికి ఆ లోయలో దొరికింది ముఖం లేని పుర్రె పైచిప్ప, మరికొన్ని ఎముకలు. వాటితోనే బుద్ధి కొలిచేశారన్నమాట. (ఆ లోయకు పేరు నియాండర్ అనే మతగురువు వల్ల వచ్చింది. గ్రీకులో ఆ పేరుకు అర్థం "కొత్త మనిషి". చరిత్రకు హాస్యం తెలియదని ఎవరన్నారు?)

వంగిన నడక కథ తర్వాతది. 1908లో ఫ్రాన్సులో లా షాపెల్ ఓ సేంట్ అన్నచోట దాదాపు పూర్తి అస్థిపంజరం దొరికింది. మార్సెలిన్ బూల్ అనే పండితుడు దాన్ని మోకాళ్లు వంచి, మెడ ముందుకు చాపి నిలబెట్టాడు. ప్రపంచమంతా అదే బొమ్మ. 1957లో స్ట్రాస్, కేవ్ అనే ఇద్దరు మళ్లీ ఆ ఎముకలు చూస్తే తేలిందేమిటయ్యా అంటే, అతగాడు ఒళ్లంతా కీళ్లవాతంతో బాధపడ్డ పెద్దవాడు. స్నానం చేయించి, గడ్డం గీయించి, మంచి బట్టలు తొడిగి న్యూయార్కు రైలెక్కిస్తే ఎవరూ ప్రత్యేకంగా తిరిగి చూడరేమో అని కూడా వాళ్లు రాశారు.

నాకు మాత్రం వీటన్నిటికన్నా ముఖ్యం ఇరాక్‌లోని కుర్దుల కొండల్లో, షానిదార్ గుహలో దొరికిన మనిషి. 1950లలో రాల్ఫ్ సోలెకీ తవ్వించిన గుహ అది. అక్కడి మొదటి అస్థిపంజరం నలభై ఏళ్ల అటూఇటూ వయసున్న మగవాడిది. ఎప్పుడో ముఖం ఎడమపక్క చితికి ఆ కన్ను దాదాపు పోయింది. కుడి చెయ్యి ఎండిపోయి, మోచేతి కిందిభాగమే లేదు. కాలు అవిటి. చెవి రంధ్రాల్లో ఎముక పెరిగి వినికిడి కూడా బాగా తగ్గి ఉంటుందని 2017లో చెప్పారు. ఇన్ని దెబ్బలూ మానిన దెబ్బలే. అంటే వాటి తర్వాత ఏళ్ల తరబడి బతికాడు. వేటాడలేడు, మృగం వస్తే పరుగెత్తలేడు, అరిస్తే వినపడదు. మరి ఎట్లా బతికాడు? పక్కవాళ్లు తిండి పెట్టారు, ఎక్కడికి కదిలినా వెంట తీసుకుపోయారు. ఇంతకన్నా వేరే సమాధానం నాకు తోచడం లేదు. "చేతకానివాడు పోవాల్సిందే" అని ఆ మూఢమానవులు అనుకోలేదు. ఆ మాట అనడానికి మనలాంటి చదువుకున్నవాళ్లు కావాలి.

అయితే ఎందుకు పోయారు? దాదాపు 40,000 ఏళ్ల కిందటికి యూరప్‌లో వాళ్ల జాడ ఆగిపోయింది, నిజమే. అంతకుముందు మనవాళ్లూ వాళ్లూ కొన్ని వేల ఏళ్లు ఒకే ఖండంలో ఉన్నారు. చలి వాతావరణపు ఒడిదుడుకులు, తిండికి పోటీ అన్నీ కారణాలే కావచ్చు. కాని ఎముకల్లో మిగిలిన డి.ఎన్.ఏ. చెప్పే సంగతి మరొకటుంది: వాళ్లు ఎప్పుడూ కొద్దిమందే. సైబీరియాలోని ఆల్టాయ్ కొండల్లో దొరికిన ఒక స్త్రీ తల్లిదండ్రులు సవతి అన్నాచెల్లెళ్లంత దగ్గర రక్తసంబంధీకులని 2014లో తేలింది. అదే ప్రాంతంలో చాగిర్‌స్కాయా గుహలో ఒక తండ్రీ, ఎదిగిన కూతురూ దొరికారు. ఆ గుంపు మొత్తం పది, ఇరవైమందే ఉంటారని 2022లో లెక్క తేల్చారు. ఫ్రాన్సులో మాండ్రాన్ గుహలో దొరికిన "తోరిన్" సంగతి ఇంకా విచిత్రం. అతని గుంపువాళ్లు ఇరుగుపొరుగు నియాండర్తాల్ గుంపులతో కూడా దాదాపు 50,000 ఏళ్లు కలవలేదట! కొద్దిమంది, అందులోనూ ఎవరికివారే. ఒక చెడ్డ చలికాలం వచ్చినా, నలుగురు ఆడవాళ్లు ప్రసవాల్లో పోయినా గుంపు గుంపంతా ఆరిపోతుంది. దీనికి బుద్ధితో పనేముంది?

మరి "సమర్థులు" అందరూ మిగిలారా? అదీ లేదు. చెక్ దేశంలో జ్లాటి కూన్ కొండ గుహలో దొరికిన స్త్రీ మన జాతి మనిషే, సుమారు 45,000 ఏళ్ల కిందటిది. రొమేనియాలో ఓవసే గుహలో దొరికిన యువకుడూ మనవాడే. అతని తాతముత్తాతల్లో, నాలుగు నుంచి ఆరు తరాల వెనక, ఒక నియాండర్తాల్ ఉన్నారు కూడా. వీళ్ల గుంపులకు ఈనాటి యూరప్‌లో వారసులు లేరు. తెలివిగలవాళ్లూ అట్లాగే ఆరిపోయారు. వాళ్లను మనం మందబుద్ధులు అనడం లేదు, మన చుట్టాలు కాబట్టి.

ఇక వారసత్వం. జర్మనీలో స్వాంటె పాబో బృందం క్రొయేషియా గుహలోని ఎముకల నుంచి నియాండర్తాల్ జన్యుపటం రాబట్టి 2010లో ప్రకటించింది. (2022లో ఆయనకు నోబెల్ వచ్చింది.) ఆఫ్రికా బయట ఉన్న మనందరి డి.ఎన్.ఏ.లో నూటికి ఒకటి, రెండు వంతులు వాళ్లదే. ఆఫ్రికావాళ్లలోనూ కొద్దిపాటి ఉందని 2020లో తేలింది. మన దేశం సంగతి ఇంకా ఆసక్తికరం. 2025లో అచ్చయిన ఒక పరిశోధనలో 2,700 పైచిలుకు భారతీయుల జన్యువులు చూస్తే, ఒకరిలో ఒక ముక్క, ఇంకొకరిలో ఇంకో ముక్క ఏరి కలిపితే నియాండర్తాల్ జన్యుపటంలో దాదాపు సగం మన దగ్గరే దొరికింది.

ఆస్తి వస్తే అప్పులూ వస్తాయి. 2020లో కరోనా వచ్చినప్పుడు జబ్బు ముదిరే ప్రమాదాన్ని పెంచే ఒక ముక్క మూడో క్రోమోజోము మీద ఉందనీ, అది నియాండర్తాల్ ముక్కేననీ సెబెర్గ్, పాబో చూపించారు. యూరప్‌లో నూటికి పదహారుమంది దగ్గర ఉంటే, దక్షిణాసియాలో సగంమంది దగ్గర ఉంది. మరుసటి ఏడే పన్నెండో క్రోమోజోము మీద, అదే జబ్బు నుంచి కొంత కాపాడే ఇంకో నియాండర్తాల్ ముక్క బయటపడింది. ఆ రోజుల్లో ఆక్సిజన్ సిలిండర్ కోసం పరుగులు పెట్టిన ఇళ్లలో ఎవరి ఒంట్లో ఏ ముక్క ఉందో! అది కులం అడగలేదు, గోత్రం అడగలేదు.

కులం మాట ఎట్లాగూ వచ్చింది కాబట్టి చెబుతాను. మా రక్తం కల్తీ లేనిదని మీసం మెలేసేవాళ్లు మన హాస్టళ్లలో తక్కువేమీ లేరు. నలభై, యాభై వేల ఏళ్ల కిందటే మరో మానవజాతితో కలిసిన రక్తం మనది. కలవకుండా ఉండాలని పట్టుబట్టితే ఏమవుతుందో హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు హార్వర్డువారితో కలిసి 2009లో చూపించారు. మన దేశంలో చాలా కులాలు కొద్దిమంది మూలపురుషుల నుంచి వచ్చి, తరతరాలు వాళ్లలో వాళ్లే చేసుకుంటూ వచ్చాయి. తెలుగునాట ఒక కులంలో, పేరు ఇక్కడ అనవసరం, ఆపరేషనప్పుడు కండరాలు వదులు చెయ్యడానికిచ్చే ఒక మందు విరగని లోపం మిగతావారికన్నా ఎక్కువ. మత్తు డాక్టర్లకు ఇది తెలిసిన సంగతే. లక్షల జనాభా ఉన్న కులాలే ఇట్లా ఉంటే, పది ఇరవైమంది గుంపుల పని ఏమయి ఉంటుందో ఆలోచించండి.

ఇంకో పక్క, ఈమధ్య కొందరు మరీ సంబరపడిపోతున్నారు: నియాండర్తాల్ చావలేదు, మనలోనే ఉన్నాడు అని. ఇదీ నాకు నచ్చదు. తల్లి నుంచి బిడ్డకు వచ్చే మైటోకాండ్రియా డి.ఎన్.ఏ.లో గాని, తండ్రి నుంచి కొడుక్కు వచ్చే వై క్రోమోజోములో గాని వాళ్లది ఈనాడు మనలో ఎవరి దగ్గరా దొరకలేదు. మన ఎక్స్ క్రోమోజోములో వాళ్ల ముక్కలు చాలా అరుదు. ఇద్దరికీ పుట్టిన మగపిల్లల్లో సంతానశక్తి తగ్గి ఉంటుందని దానికి ఒక వివరణ. ఒంట్లో రెండు వంతులు మిగలడం వేరు, ఒక జనం మిగలడం వేరు. షానిదార్ మనిషికి తిండి పెట్టినవాళ్లు ఒకరినొకరు ఏమని పిలుచుకున్నారో ఏ క్రోమోజోములోనూ రాసి లేదు. మన నూకల్లో వాళ్ల గింజలు రెండున్నాయని వాళ్ల పొలం నిలిచి ఉన్నట్టా?

చివరగా యూనియన్‌వారికి ఒక విన్నపం. కోతి నుంచి కోటు తొడిగిన మనిషి దాకా వరసగా నడిచిపోయే చార్టు ఒకటి మన ల్యాబు గోడ మీద ఉంది. అందులో చివరివాడి వెనక మోకాళ్లు వంచి నడిచేవాడి పేరు నియాండర్తాల్ అని రాసి ఉంది. ఫండులో ఏమైనా మిగిలితే ఆ చార్టు మార్పించండి. మిగలకపోతే కనీసం ఆ పేరు మీద ఒక కాగితం ముక్క అంటించి, "కీళ్లవాతం ఉన్న ఒక పెద్దాయన" అని రాయించండి.