ఉపాధ్యాయుల వేషము

మహారాష్ట్ర ప్రభుత్వమువారు 2024 మార్చిలో ఉపాధ్యాయుల దుస్తులను గూర్చి ఒక ఉత్తరువు వెలువరించిరి. జీన్సు, టీషర్టు కూడదట; పురుషులు చొక్కా పంట్లాములు, స్త్రీలు చీర గాని చుడిదారు గాని ధరింపవలెనట. మంజీర కావలియొడ్డు మాట మనకేల యని బోధను వారు, నిజామాబాదు వారు చెవిని బెట్టకుండుట తగదు. 1956 వఱకు నాందేడును మనమును ఒక్క రాజ్యముననే యుంటిమి. వేషపు తాకీదుల రుచి మన తాతలెఱుగుదురు.

నిజాము ప్రభుత్వమున షేర్వానీయు, రూమీటోపీయు సర్కారు కొలువునకు గుర్తులు. పై తరగతులలో బోధన ఉర్దూలో. ఇంట తండ్రికి ధోవతి, తలరుమాలు, నోట తెలుగు. అట్టి రైతుబిడ్డ కన్నులకు పంతులు గురువువలె గాక, శిస్తునకు వచ్చిన గిర్దావరువలె దోచుటలో వింత యేమున్నది? షేర్వానీ అందమైన యుడుపు. ఇంట వంట దానిని తొడుగు మన ముస్లిము సోదరులకది సహజభూషణము. దానిపై మాకు కినుక లేదు. తప్పు గుడ్డది కాదు, బలవంతముది. మాతృభాషలో ప్రాథమికవిద్య కావలెనని ఆంధ్రమహాసభవారు పలుమాఱులు కోరిరి. 1937లో మందుముల నరసింగరావుగారి యధ్యక్షతన ఆఱవ సభ ఇందూరుననే జరిగినది. తనవాడనిపించు గురువు కావలెననుటయే ఆ కోరికలోని ప్రాణమని మేము తలంతుము.

అట్లని మాసిన చొక్కాతో, ఊడిన గుండీలతో బడికి వచ్చు పంతులును మేము సమర్థింపము. చెఱకుకొట్టు కూలివాని బిడ్డ ఆయనను జూచి, మాబోటి వారికింతే చాలు గాబోలునని యెంచును. ఇది చిన్న యవమానము కాదు. అమెరికాలో 1996లో వెలువడిన యొక పరిశోధనమున కాలేజీ విద్యార్థులు, నిండుదుస్తుల బోధకుని సమర్థునిగను, సాదాదుస్తుల వానిని ఆసక్తి గొలుపు వానిగను ఎంచిరి. కావున మర్యాదయు, చనువును రెండును గుడ్డతో ముడివడియే యున్నవి. ఏ బడిలో నేది కొఱతయో హైదరాబాదున గూర్చున్న కార్యదర్శి యెట్లెఱుగును?

స్త్రీల విషయమున మఱింత జాగ్రత్త వలయును. కిక్కిఱిసిన బస్సులో నిలిచి పల్లెబడికి బోవు ఉపాధ్యాయురాలికి ఏది యనుకూలమో ఆమెయే చెప్పవలెను. ఉపాధ్యాయినులను చీరయే కట్టుమని నిర్బంధింపరాదని కేరళ ప్రభుత్వము 2021లో స్పష్టపఱచినది.

మన రాష్ట్రమునను నియమమొకటి వలయునని యెవరికైన దోచినచో, ఉత్తరువు వ్రాయుటకు ముందు ప్రతి బడిలోను ఉపాధ్యాయులను, తల్లిదండ్రులను సమావేశపఱచి, తెలుగునను ఉర్దూనను చర్చింపనిండు. పిల్లలనుగూడ నొకమాఱడుగవచ్చును.