సీటు దక్కిన తరువాత

ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు విద్య, ఉద్యోగాలలో 4 శాతం రిజర్వేషన్ కల్పిస్తూ 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది. హైకోర్టు దానిని కొట్టివేసినా, 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వలన బి.సి.-ఇ కోటా నిలిచింది. దూదేకులవారు బి.సి.-బి జాబితాలో ఉన్నారు. ఈ హక్కుల కోసం పోరాడాం, ఇకముందూ పోరాడవలసిందే. అయితే సీటు దక్కిన తరువాత మన బిడ్డ ఆ బల్లపై చివరి సెమిస్టర్ వరకూ కూర్చుంటున్నదా లేదా అన్న సంగతి మన సభలలో చర్చకే రావడం లేదు.

గుంటూరు, పల్నాడు, ప్రకాశం మెట్టప్రాంతాలలో కళాశాల సంవత్సరమూ పొలం సంవత్సరమూ ఒకదానికొకటి అడ్డుపడతాయి. మొదటి సెమిస్టర్ పరీక్షలకు సిద్ధం కావలసిన నెలలలో పత్తి తీతలు సాగుతుంటాయి. జనవరి దాటితే మిరప కోతలు, కల్లంలో ఆరబోతలు, తాలుకాయలు ఏరడం, ఊళ్ళలో తొడిమలు తీసే పని. ఏడాది మొత్తంలో ఇంట్లో నాలుగు డబ్బులు కనబడేది అప్పుడే. కూలికి వెళ్ళే తల్లి, ఇంటర్ చదివే కొడుకునో డిగ్రీ చదివే కూతురినో వెంట రమ్మనడంలో ఆశ్చర్యం లేదు. ఆ తల్లిని తప్పుపట్టే అర్హత మనకు లేదు.

కాని ఒక లెక్క ఆమెకు తెలియాలి. సెమిస్టర్‌కు 90 పనిదినాలు అనుకుంటే, 75 శాతం హాజరుకు 68 రోజులు తరగతిలో ఉండాలి. మానుకోగలిగేది 22 రోజులే. మూడు వారాలు కోతకు వెళితే 18 రోజులు అక్కడే పోతాయి. జ్వరానికీ, బంధువుల పెళ్ళికీ కలిపి మిగిలేది నాలుగు. హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోవడం కష్టమవుతుంది, ప్రభుత్వం ఇచ్చే ఫీజు సాయానికీ అదే 75 శాతం నియమం ఉన్నది. నెల రోజుల కూలి కోసం ఏడాది ఫీజు పోగొట్టుకోవడం ఏ లెక్కన చూసినా నష్టమే.

"చదువురాని మాకేం తెలుస్తుంది?" అనే తల్లిదండ్రులు ఎందరో. పాఠం తెలియనక్కర లేదు. నెలకొకసారి "హాజరు ఎంత? ఏ సబ్జెక్టు తప్పావు?" అని అడగడానికి అక్షరాలు అవసరం లేదు. అడిగే తీరు మాత్రం ముఖ్యం. తప్పిన సబ్జెక్టు పేరు చెప్పగానే తిట్లు మొదలైతే, పిల్లవాడు తరువాతి మూడింటిని దాచిపెడతాడు. రెండు సబ్జెక్టులు మిగిలినప్పుడు తెలిస్తే సప్లిమెంటరీ ఫీజుతో సరిపోతుంది, ఎనిమిది పేరుకుపోయాక తెలిస్తే చదువే ఆగిపోతుంది. మధ్యలో మానేసిన పిల్లలలో చాలామంది ఒక్కరోజున నిర్ణయించుకుని మానలేదు. దాస్తూ దాస్తూ మానేశారు.

ఆడపిల్లల విషయం వేరుగా చెప్పాలి. ఇటీవలి సంవత్సరాలలో రంజాన్ నెల ఇంటర్ పరీక్షలతో కలిసి వస్తోంది. సహరీకి వంట, పగలు కాలేజీ, సాయంత్రం ఇఫ్తార్ పనులు, ఈ మూడూ కూతురి మీదనే పడుతున్నాయి. అన్నదమ్ములు ఒక పూట గిన్నెలు కడిగితే ఏమీ పోదు. మంచి సంబంధం వచ్చిందని రెండో సంవత్సరంలో చదువు ఆపేవారు, డిగ్రీ పూర్తయ్యేవరకు ఆగమని అవతలివారిని ఒక్కమాట అడిగి చూడాలి. ఆగే సంబంధాలు ఉంటాయి.

భారమంతా తల్లిదండ్రులదే అంటే అన్యాయం. ముస్లిం పట్టభద్రుల నిష్పత్తి దేశ సగటుకన్నా తక్కువని సచార్ కమిటీ 2006లోనే తేల్చింది. అయినా తల్లిదండ్రుల సమావేశం పనిదినాన ఉదయం పెట్టే కళాశాలలు ఉన్నాయి, హాజరు సందేశం ఇంగ్లీషులో పంపేవీ ఉన్నాయి. కూలిపని ఒకపూట వదులుకుని వచ్చిన తండ్రికి ఆ సందేశం చదివి చెప్పే దిక్కు ఉండదు. సమావేశం సాయంత్రం పెట్టమనీ, సందేశం తెలుగులోనో ఉర్దూలోనో పంపమనీ మసీదు కమిటీలు ఈ ఏడాదే ప్రిన్సిపాళ్ళను లిఖితపూర్వకంగా కోరాలి. ఫీజు సాయం రాలేదన్న కారణంతో హాల్‌టికెట్టు ఆపే చోట, తల్లి ఒంటరిగా బతిమాలుకోకుండా మహల్లా నుండి చదువుకున్నవారు ఇద్దరు వెంట వెళ్ళాలి.