గడప బయటి పునీతులు

నిన్న క్లాసులో భక్తి ఉద్యమం చెప్తుంటే ఒక విద్యార్థి అడిగాడు: "సార్, దేవుణ్ణి చూసినవాడికి కులం ఉంటుందా?"

చూసినవాడికి లేకపోవచ్చు. గుడి తలుపు కాసేవాడికి ఉంటుంది.

14వ శతాబ్దపు చోఖామేళా మహర్. పండరీపురం విఠలుడి మీద అభంగాలు కట్టాడు. ఆయన సమాధి మాత్రం గుడి మహాద్వారం బయటే. ఆ గుడిలోకి దళితులు అడుగుపెట్టడానికి 1947లో సానే గురూజీ నిరాహార దీక్ష చేయాల్సొచ్చింది.

పెరూలోని లీమాలో మార్టిన్ ద పోరెస్ నల్లజాతి తల్లి బిడ్డ. డొమినికన్ మఠం ఆయన్ని మొదట పనివాడిగానే చేర్చుకుంది. 1639లో పోయాడు, 1962లో పునీతుడన్నారు.

తూర్పైనా పడమరైనా, బతికినన్నాళ్లూ గడప బయట, పోయాక పటంలో.

అంబేద్కర్ 1948లో 'ది అన్‌టచబుల్స్' పుస్తకాన్ని నందనార్, రవిదాస్, చోఖామేళాలకు అంకితమిచ్చారు. మిత్రులారా, ఎవరైనా ఒక భక్తుడి మహిమ చెప్తే వినండి. ఆయన్ని ఏ గడప దగ్గర ఆపారో కూడా అడగండి.

జై భీమ్.