అన్నం ముట్టని అతిథి

మావాడి పదో పుట్టినరోజుకి మా తమ్ముడు హైదరాబాదు నుంచి నీటితాబేలు పిల్లని తెచ్చిచ్చాడు. అరచేతిలో ఇమిడేంత. కంటి వెనక ఎర్రచార. ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు పోసి వసారాలో పెట్టాం. అసలే ధనుర్మాసం చలి. నాలుగోరోజు నుంచి అది తిండి మానేసింది.

ఇక చూడండి నా అవస్థ! మెతుకులు వేశాను, బొరుగులు వేశాను, బ్రెడ్డు వేశాను. ఇంట్లో ఎవరైనా తినకపోతే మనకి తోచేది ఇంకోటి వండిపెట్టడమే కదా! అన్నీ నాని నీళ్లు కంపుకొట్టాయి.

"ఈ పాపం మనకెందుకే? సాగర్ కాలవలో వదిలేస్తే పుణ్యమన్నా వస్తుంది" అన్నారు మా అత్తయ్యగారు. మావాడు ఒకటే ఏడుపు.

డబ్బా పట్టుకుని నరసరావుపేటలో పశువుల డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. గేదెల్నీ మేకల్నీ తోలుకొచ్చినవాళ్లు నన్ను చూసి నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. నీళ్లలో వేలుపెట్టి చూసి "దీనికి తిండి సంగతి తర్వాతమ్మా, ముందు చలి" అన్నారు.

తాబేలుకి మనలా ఒంట్లో వేడి పుట్టదు. ఎండా, నీళ్లూ ఇచ్చిన వేడే దానికి ఆధారం. నీళ్లు చల్లబడితే తిన్నది అరగదు, అందుకే నోరు కట్టేసుకుంటుంది. నీళ్లు 25 నుంచి 28 డిగ్రీలుండాలి. ఎక్కి ఒళ్లారబెట్టుకోను రాయి, నేరుగా తగిలే ఎండ, పక్కనే నీడ కావాలి. గాజుకిటికీలోంచి వచ్చే ఎండ చాలదు. అలాగని మన పల్నాటి వేసవిలో ఎండలో వదిలేస్తే ఉడికిపోతుంది! తిండి అంటే తాబేళ్ల మేత, చిన్న చేపముక్క, ఆకుకూర. మిగిలింది వెంటనే తీసెయ్యాలి. కళ్లు వాచినా, ముక్కులో బుడగలొచ్చినా, ఒకపక్కకి ఒరిగి తేలుతున్నా ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చూపించాలి.

పెద్ద టబ్బు కొన్నాం. రాత్రిళ్లు నీళ్లు వెచ్చబెట్టే హీటరు, పొద్దున్నే డాబామీద ఎండ. ఆరోరోజున తోటకూరాకు కొరికింది. మావాడి కేకకి వీధివీధంతా లేచింది.

కొత్తకోడలు అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టకపోతే "కూర బాగాలేదా?" అంటామే గానీ, ఆ ఇల్లు ఆమెకెలా ఉందని అడగం. నేను చేసిందీ అదే.

ఇక కాలవ సంగతి. ఈ ఎర్రచార తాబేలు అమెరికాలో మిసిసిపీ నది వైపుది. మన కాలవల్లో వదిలితే ఇక్కడి తాబేళ్ల నోటికాడి కూడు లాక్కుంటుంది. ఐరోపా దేశాలు 1997లోనే దీని దిగుమతి ఆపాయి. అది పుణ్యమెలా అవుతుంది? పోనీ మన చెరువు తాబేలునే తెచ్చి పెంచుదామా అంటే, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం.

ఇంకోమాట. తాబేళ్ల ఒంటిమీది సాల్మొనెల్లా క్రిమి వల్ల పిల్లలు జబ్బుపడుతున్నారని అమెరికాలో 1975లో నాలుగంగుళాల లోపు తాబేళ్ల అమ్మకం నిషేధించారు. ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడగాలి. టబ్బుని వంటింటి సింకులో కడగకూడదు.

సరిగ్గా చూసుకుంటే ఇది ఇరవై, ముప్పై ఏళ్లు బతుకుతుంది. పళ్లెమంత అవుతుంది. మావాడు చదువుకని వెళ్లిపోతాడు, టబ్బు నాతోనే ఉంటుంది. కొనేది ఒకరు, మురిసేది ఇంకొకరు, కడిగేది ఇల్లాలు!

అందుకే చెబుతున్నా. పుట్టినరోజులకి ప్రాణమున్న బహుమతులు తేవద్దు. తెచ్చేవాళ్లుంటే ముందు ఆ ఇంటి ఇల్లాలిని ఒక్కమాట అడగండి. ఇప్పటికే ఇంటికొచ్చేసిందా, అది తినకపోతే గిన్నె మార్చకండి. నీళ్లలో వేలుపెట్టి చూడండి.