బ్రేకు వేసింది కారు, మాట పడేది మనమా?

కొంచెం పొడుగు పోస్టే. కరెంటు కారు కొన్నవాళ్లు, కొనాలని చూస్తున్నవాళ్లు చివరిదాకా చదవండి. కోపం వస్తే కామెంట్లలో తిట్టండి, పరవాలేదు.

మన గ్రూపులో ఎవరైనా కొత్త కారు ఫొటో పెడితే చూడాలి సందడి. పూలదండ, టైర్ల కింద నిమ్మకాయలు, "శుభాకాంక్షలు అన్నయ్యా" అని వరసగా మెసేజ్‌లు. అదే కారు నాలుగు నెలలకి హైవే మీద, ఎదురుగా ఏమీ లేకుండానే, తనంతట తానే బ్రేకు వేస్తే మాత్రం గ్రూపులో ఒక్క ముక్క ఉండదు. నాకు విడిగా ఫోన్ చేసి చెబుతారు. చివర్లో "ఎవరితోనూ అనకు బావా, పరువు పోతుంది" అంటారు. నా గొడవంతా ఈ దాపరికం మీదే.

ముందు ఒక మాట. ఆటోమేటిక్ బ్రేకుకి నేను వ్యతిరేకం కాదు. నిజంగా అడ్డం వచ్చినప్పుడు మన కాలికంటే ముందు స్పందించి ప్రాణం కాపాడే ఏర్పాటు అది. నేను అంటున్నది లేని అడ్డం చూసి వేసే బ్రేకు గురించి. కెమెరా, రాడార్ చూసినదాన్ని సాఫ్ట్‌వేర్ అర్థం చేసుకోవాలి. ఫ్లైఓవర్ నీడ, మలుపులో పక్క లేన్‌లో ఉన్న లారీ, పైన ఇనుప బోర్డు, వీటిలో దేన్నైనా అడ్డమనుకుంటే బండి ఠక్కున ఆగిపోతుంది. అప్పుడు ప్రమాదం వెనక నుంచి వస్తుంది. హోసూరు నుంచి కృష్ణగిరి దాకా మన వెనక వచ్చే లారీలు ఎంత దూరం పాటిస్తాయో మీకు నేను చెప్పాలా? పండక్కి ఊరెళ్లేటప్పుడు వెనక సీట్లో కూర్చునేది మన అమ్మానాన్నలు, పిల్లలు.

ఇది మన ఊహ కాదు. అమెరికాలో టెస్లా ఓనర్లు ఇదే గోల పెట్టారు. ఆ కంపెనీ 2021 మేలో అక్కడి మోడల్ 3, మోడల్ వై కార్లలో రాడార్ తీసేసి కెమెరాల మీదే ఆధారపడటం మొదలుపెట్టింది. 2022 ఫిబ్రవరిలో అక్కడి రోడ్డు భద్రతా సంస్థ సుమారు 4,16,000 కార్ల మీద విచారణ తెరిచింది. ఎందుకు తెరిచింది? తొమ్మిది నెలల్లో 354 మంది ఓనర్లు ఫిర్యాదు పంపారు కాబట్టి. కొన్ని నెలలు తిరక్కుండానే ఆ లెక్క 758 అయింది. అంతకుముందు 2021 అక్టోబరులో ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వల్ల ఉత్తుత్తి హెచ్చరికలు, బ్రేకులు వస్తుంటే ఆ కంపెనీయే 11,704 కార్లకు రీకాల్ ప్రకటించాల్సి వచ్చింది. ఒక్క టెస్లానే అనుకోకండి, కరెంటు కార్లనే అనుకోకండి. పెట్రోలుతో నడిచే హోండా కార్ల మీద కూడా అదే 2022 ఫిబ్రవరిలో ఇలాంటి విచారణే మొదలైంది.

విచారణ మొదలైతే తప్పు రుజువైనట్టు కాదు, నిజమే. కానీ నాలుగు లక్షల కార్లలో 354 అంటే వెయ్యికి ఒక్కరు కూడా లేరు. ఆ కొద్దిమంది పరువు గురించి ఆలోచించి ఊరుకుని ఉంటే ఎవరు కదిలేవారు?

ఇక మన దగ్గర వినిపించే జవాబులు చూద్దాం.

మొదటిది, "ఇష్టం లేకపోతే ఆఫ్ చేసుకోండి సార్." మన సంఘంలో ఒక పెద్దాయనకి సర్వీస్ సెంటర్‌లో చెప్పింది ఇదే. అమ్మేటప్పుడు ఇదే ఫీచర్ చూపించి పై మోడల్ అంటగట్టారు కదా? డబ్బు కట్టించుకునేటప్పుడు భద్రత, ఫిర్యాదు చేస్తే ఇష్టమా?

రెండోది, "మా కంప్యూటర్‌లో ఎర్రర్ ఏమీ లేదు." ఉండదు మరి. సాఫ్ట్‌వేర్ అడ్డం ఉందనే నమ్మి బ్రేకు వేసింది. దాని లెక్కలో అది తప్పు కాదు. మతిభ్రమించినవాణ్ణి "నీకు బాగానే ఉందా" అని అడిగితే బాగానే ఉందంటాడు.

మూడోది, "బాధ్యత డ్రైవరుదే అని మాన్యువల్‌లో రాశాం." ప్రకటనలో కారు అన్నీ చూసుకుంటుంది, మాన్యువల్‌లో మాత్రం అంతా మనమే చూసుకోవాలి! ఆ మాన్యువల్ ఇంగ్లీషులో వందల పేజీలు. అవసరమైతే తప్ప హఠాత్తుగా బ్రేకు వేయకూడదని మన రోడ్డు నియమాల్లో ఉంది. ఆ నియమం డ్రైవరుకి. డ్రైవరు వేయని బ్రేకుకి కూడా మాట పడేది డ్రైవరే. ఇదేం న్యాయం?

నాలుగోది మనవాళ్లే చెప్పేది. "బయటికి తెలిస్తే రీసేల్ పోతుంది." సరే, దాచి అమ్మావనుకో. కొనేది ఎవరు? రేపు ఆ స్టీరింగ్ పట్టుకునేవాడు మన మేనల్లుడే కావచ్చు.

చట్టం మనవైపు లేదనుకోకండి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, లోపం ఉన్న బండ్లను వెనక్కి రప్పించే అధికారం కేంద్రానికి ఇచ్చారు. 2021 ఏప్రిల్ 1 నుంచి నియమాలు అమల్లో ఉన్నాయి. ఏడేళ్లలోపు బండ్లకు వర్తిస్తాయి. బలవంతంగా రీకాల్ చేయించాల్సి వస్తే కంపెనీకి పది లక్షల నుంచి కోటి దాకా జరిమానా. అయితే ఆ చట్టం ఓనర్ల ఫిర్యాదులను లెక్కపెడుతుంది. ఫోన్‌లో నాతో చెప్పుకున్నది ఆ లెక్కలోకి రాదు. టీ కొట్టు దగ్గర తిట్టుకున్నదీ రాదు.

అందుకని చేయాల్సింది ఇది. కారు అలా బ్రేకు వేసిన రోజే తేదీ, టైము, చోటు, వేగం, ఎండా వానా, సాఫ్ట్‌వేర్ వెర్షన్ రాసుకోండి. డాష్‌క్యామ్ ఉంటే వీడియో దాచండి. సర్వీస్ సెంటర్‌లో నోటిమాటతో వదలకండి, జాబ్ కార్డు మీద రాయించి కాపీ తీసుకోండి. వాహన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పి నంబరు తీసుకోండి.

మూడు తరాలుగా ఈ ఊళ్లలో ఉన్నాం. స్కూల్లో తెలుగు సెక్షన్ కావాలన్నా, కళ్యాణ మండపానికి స్థలం కావాలన్నా సంతకాలు పోగుచేసి అర్జీలు పట్టుకుని తిరిగినవాళ్లం. కారు కంపెనీకి ఒక కాగితం రాయడానికి మొహమాటమా? వచ్చే సర్వసభ్య సమావేశంలో దీన్ని ఎజెండాలో పెట్టమని కార్యదర్శిగారికి ఈరోజే అర్జీ ఇస్తున్నాను. ఇలా జరిగినవాళ్లు మీ జాబ్ కార్డు కాపీతో రండి. పేరు బయటపెట్టం. అంకె మాత్రం బయటపెడదాం.