పాతటోపీ - క్రొత్తటోపీ

ఖద్దరును దేశీయ పరిశ్రమలను గూర్చి వ్రాయు పత్రిక దొరటోపీని గూర్చి వ్రాయుట యేమని పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. ఒకప్పుడు ఆ టోపీ కనబడినంతనే మనవారు ప్రక్కకు తొలగవలసి యుండెడిది. దానిపై మాకు మమకార మేమియు లేదు. కాని వస్తువును ద్వేషించుట వేఱు, పనితనమును ద్వేషించుట వేఱు. డెబ్బది యెనుబది యేండ్లనాటి ఫెల్టుటోపీ నేటి టోపీకంటె మేలైనదని పాశ్చాత్యదేశములలో ఈ విషయ మెఱిగినవారు పలువురు చెప్పుచున్నారు. ఆ మాట చాలవఱకు నిజమనియే మా యభిప్రాయము. కాని అందులకు వారిలో కొందఱు చెప్పు కారణము సరికాదు. ఆ పొరపాటు స్వల్పమైనదియు కాదు.

ఫెల్టు నేతబట్ట కాదు. మన గొంగడికి పడుగుపేకలు కలవు, దీనికి లేవు. బీవరు, కుందేలు మొదలగు జంతువుల మెత్తని లోరోమమును రంధ్రములుగల రాగిశంకువుపై పొరగా పఱచి, వేడినీటితో తడిపి, మఱల మఱల చుట్టి నొక్కుదురు. రోమముల పొలుసులు ఒండొంటిని పట్టుకొని బిగియుకొలది ఆ పొర కుంచించుకొని పోవును. ఈ పని నిదానముగా జరిగినకొలది ఫెల్టు పలుచనై, దట్టమై వచ్చును. పిమ్మట దానిని ఉప్పుకాగితముతో రుద్ది నునుపు చేయుదురు. మంచి పాతటోపీని చేతబట్టినంతనే భేదము తెలియును: మెత్తగా నుండును, వ్రేలితో మడిచిన మడత నిలుచును, వానలో తడిసినను రూపము చెడదు. నేటి బజారుటోపీలలో పెక్కింటికి ఆ దట్టము లేదు. లేని బిగువును లక్కతోను, కృత్రిమపు జిగురులతోను కల్పింతురు. పూర్వులును లక్క వాడిరి గాని మితముగా వాడిరి. (ఆ లక్క చిరకాలము మన దేశపు టడవులనుండియే పోవుచుండెను. దొర తలయెత్తి నడచుటలో మనకును కొంత భాగము గలదన్నమాట!)

ఇక వారు చెప్పు కారణము పాదరసము. పూర్వము రోమము చక్కగా పెనగొనుటకై, పాదరసమును నత్రికామ్లములో కరగించి దానికి పూయుచుండిరి. ఆవిరి నిండిన గదులలో పనివారు ఆ విషమును పీల్చిరి. చేతులు వణకెను, మాట తడబడెను, నిష్కారణమైన భయమును కోపమును వారిని ఆవహించెను. టోపీలకు ప్రసిద్ధిగన్న అమెరికా పట్టణము డాన్‌బరీలో ఆ వ్యాధికి ‘డాన్‌బరీ వణకు’ అని పేరే యేర్పడెను. 1941లో అమెరికా టోపీపరిశ్రమలో పాదరసపు వాడుక నిలిపివేయబడెను. దానితో మేలిఫెల్టును పోయెనని వగచువారు నేటికిని కలరు.

ఇది నిజమైనచో, పనివాని నరములు చెడనిదే మంచివస్తువు పుట్టదని యొప్పుకొనవలసి వచ్చును. కర్మాగారముల యజమానులకు ఇంతకంటె ప్రియమైన సిద్ధాంతము వేఱొకటి యుండదు. కాని కాలక్రమమును చూడుడు. పాతటోపీలను సేకరించువారు మక్కువతో వెదకు అమెరికా టోపీలలో పెక్కులు 1940వ దశాబ్దపు చివరను, 1950వ దశాబ్దమునను చేయబడినవి; అనగా పాదరసము మానిన పిమ్మటివి. విషము లేకయే ఏండ్లతరబడి మేలిఫెల్టు తయారైనప్పుడు, దాని క్షీణతకు విషము లేమి కారణ మెట్లగును?

అసలు కారణము వేఱు. రెండవ ప్రపంచయుద్ధానంతరము పాశ్చాత్యులు క్రమముగా టోపీ మానిరి. జాన్ స్టెట్సన్ 1865లో స్థాపించిన సంస్థకు ఫిలడెల్ఫియాలో వేలకొలది పనివారితో ఒక పట్టణమువంటి కర్మాగారముండెను. అది 1971లో మూతపడినది. ఇటలీలోని 1857నాటి బొర్సలీనో సంస్థ 2017లో దివాలా తీసి, క్రొత్తవారి చేతికి పోయి బ్రదికినది. గిరాకితోపాటు పనియెఱిగిన చేతులును తగ్గినవి. నేడు చిన్న టోపీపనివారు సాధారణముగా ఫెల్టును తాము చేయరు. పోర్చుగల్, చెక్ దేశము మొదలగుచోట్ల మిగిలిన కొలది మిల్లులనుండి కొందురు. కొన్నదానిని తీర్చిదిద్దగలరే గాని దానిలో లేని దట్టమును తేజాలరు. అమెరికా వలసలవారు టోపీలను ఎగుమతి చేయరాదని 1732లో బ్రిటిషు పార్లమెంటు శాసించినప్పుడు, ఏడేండ్ల శిష్యరికము చేయనివాడు ఆ పని చేయరాదనియు విధించెను. (మన మగ్గముల కథ నెఱిగినవారికి ఈ శాసనము వింతగా తోపదు.) ఉద్దేశము దుష్టమే, కాని ఆ పని నేర్చుటకు ఎంతకాలము పట్టునో ప్రతిపక్షి వ్రాసియిచ్చిన సాక్ష్య మది. నేడు జీతమిచ్చి ఏడేండ్లు నేర్పించు యజమాను లెందఱు?

పాతవన్నియు మేలని మేము అనము. ఆనాటి చవుక ఉన్నిటోపీలు ఏనాడో చెత్తకుప్పల పాలైనవి. మిగిలినవానినే మనము చూచుచున్నాము. ఈ మినహాయింపు చేసికొన్నను భేదము మిగులును. దానిని కొనువాడు కనిపెట్టలేకుండునట్లు చేయునది ‘ఎక్స్’ గుర్తు. అమెరికా టోపీల తోలుపట్టీపై ఈ యక్షరముల సంఖ్య పెరిగినకొలది రోమము మేలైనదని అర్థము. కాని ఒక ఎక్స్ అన నేమో నిర్ణయించు ఉమ్మడి ప్రమాణము లేదు; ఏ సంస్థ లెక్క ఆ సంస్థదే. నేడు నూఱు ఎక్స్‌ల టోపీలును, వేయి ఎక్స్‌ల టోపీలును అమ్ముచున్నారు. మన రూపాయిలో పండ్రెండు పాళ్లకు పదునొకండు పాళ్లున్న వెండి 1940లో సగమునకు దిగి, 1947లో నికెలు రూపాయి వచ్చినప్పుడు పేరు మాఱలేదు. కాని ఎంత దిగినదో జనులకు తెలిసెను. టోపీ కొనువానికి ఆ భాగ్యమును లేదు. ఎక్స్‌లకు బదులు, ఏ జంతువు రోమము ఎంతపాలు కలిసినదో, ఆ ఫెల్టు ఏ మిల్లులో తయారైనదో తోలుపట్టీపై ముద్రింపవలెనని ఆ దేశముల ప్రభుత్వములు శాసింపవలెను.