రెటీనా కెమెరా ఊళ్లోకి వచ్చింది.. కానీ చూపు దక్కాలంటే అసలు పని ఫొటో తర్వాతే!

‘షుగర్ ఉంది కానీ కళ్లు బాగానే కనిపిస్తున్నాయి. ఇంక పరీక్ష ఎందుకు?’ చాలామంది షుగర్ పేషెంట్లు అనే మాట ఇదే. సరిగ్గా ఇక్కడే ప్రమాదం పొంచి ఉంది. డయాబెటిక్ రెటినోపతి మొదలైనప్పుడు నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు, చూపు కూడా తగ్గదు. మసక మొదలయ్యేసరికి కంటి వెనక ఉండే రెటీనా పొర అప్పటికే బాగా దెబ్బతిని ఉండొచ్చు.

ఎంతమందికి ముప్పు?

ఐసీఎంఆర్ - ఇండియాబ్ అధ్యయనం 2023లో చెప్పిన లెక్క ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు దాదాపు 10.1 కోట్ల మంది. 40 ఏళ్లు దాటిన షుగర్ పేషెంట్లలో దాదాపు 12.5 శాతం మందికి రెటినోపతి ఉందని 2022లో వచ్చిన మరో జాతీయ అధ్యయనం తేల్చింది. అంటే ప్రతి ఎనిమిది మందిలో ఒకరు. ఇంతమందినీ కంటి డాక్టర్ల దగ్గర కూర్చోబెట్టడం అయ్యే పని కాదు. అందుకే అందరి చూపూ ఇప్పుడు చేతిలో పట్టే కెమెరా మీద పడింది.

ఈ కెమెరా ఏం చేస్తుంది?

ఒకప్పుడు రెటీనా ఫొటో కావాలంటే పెద్దాసుపత్రికి వెళ్లి, టేబుల్ మీద బిగించిన మెషీన్‌కు గడ్డం ఆనించి కూర్చోవాలి. ఇప్పుడు బ్యాగులో పెట్టుకుని వెళ్లే ఫండస్ కెమెరాలు వచ్చాయి. బెంగళూరు కంపెనీ రెమిడియో అయితే స్మార్ట్‌ఫోన్‌తో పనిచేసే కెమెరానే తెచ్చింది. కంటిపాప గుండా లోపలికి వెలుగు పంపి, రెటీనా నుంచి తిరిగొచ్చే వెలుగును ఫొటోగా పట్టుకోవడమే దీని పని. రక్తనాళాల్లో చిన్న ఉబ్బులు, రక్తపు చుక్కలు, కొవ్వు మరకలు ఉంటే అందులో కనిపిస్తాయి. శిక్షణ ఉంటే ఫొటో తీయడానికి డాక్టరే అక్కర్లేదు, నర్సు లేదా టెక్నీషియన్ చాలు. ఫొటోను దూరంగా ఉన్న డాక్టర్‌కు పంపొచ్చు, ఏఐతోనూ చూపించొచ్చు.

మరి చిక్కు ఎక్కడ?

మొదటి చిక్కు ఫొటో దగ్గరే. చేయి కాస్త కదిలినా, గదిలో వెలుతురు ఎక్కువైనా, కంటిలో శుక్లం ఉన్నా ఫొటో మసకగా వస్తుంది. థాయ్‌లాండ్ క్లినిక్‌లలో గూగుల్ ఏఐని వాడి చూసినప్పుడు ఇదే జరిగింది. 2020లో బయటికొచ్చిన ఆ ఫలితాల ప్రకారం 1,838 ఫొటోల్లో ఐదో వంతుకు పైగా క్వాలిటీ చాలక సిస్టమ్ పక్కన పెట్టేసింది. ల్యాబ్‌లో నెగ్గిన టెక్నాలజీ క్లినిక్ గదిలో తడబడిందన్నమాట. కంటిపాప పెద్దదయ్యేలా చుక్కల మందు వేస్తే ఫొటో మెరుగ్గా వస్తుంది. కానీ కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, తోడు మనిషి ఉండాలి. కూలి పని వదులుకుని వచ్చిన వాళ్లకు అదీ భారమే.

రెండోది ఇంకా పెద్ద చిక్కు. ఫొటోలో జబ్బు తేలింది సరే, తర్వాత ఏంటి? లేజర్ గానీ, కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లు గానీ పెద్ద సెంటర్లలోనే దొరుకుతాయి. ఇంజెక్షన్ ఒక్కసారితో అయిపోదు, మళ్లీ మళ్లీ తిరగాలి. ‘ఇప్పుడు బాగానే కనిపిస్తోంది కదా’ అని పేషెంట్ ఇంట్లోనే ఆగిపోతే, తీసిన ఫొటో వృథా అయినట్టే.

తెలుగు రాష్ట్రాలకు పాఠం

తెలంగాణలో 2018లో, మళ్లీ 2023లో జరిగిన కంటి వెలుగులో ఒక్కో విడతలో కోటిన్నరకు పైగా జనానికి పరీక్షలు చేశారు. ఊరూరా జనాన్ని కంటి పరీక్షకు రప్పించడం సాధ్యమేనని అది నిరూపించింది. అయితే ఆ శిబిరాల్లో ప్రధానంగా సాగింది చూపు లోపం గుర్తించడం, కళ్లద్దాలు ఇవ్వడం. చార్టు మీద చివరి వరుస దాకా చదివేసిన మనిషికి కూడా రెటినోపతి ఉండొచ్చు. కాబట్టి పీహెచ్‌సీలో షుగర్, బీపీ చూసే రోజే రెటీనా ఫొటో కూడా తీయాలి. ఎన్ని కెమెరాలు కొన్నారన్నది కాదు.. జబ్బు తేలినవాళ్లలో ఎంతమంది ట్రీట్‌మెంట్ దాకా చేరారన్నదే అసలు లెక్క.

మీ ఇంట్లో షుగర్ ఉంటే..

టైప్-2 షుగర్ అని తేలిన వెంటనే ఒకసారి, ఆ తర్వాత ఏడాదికోసారి రెటీనా పరీక్ష చేయించాలి. గర్భిణులకు ముందు నుంచే షుగర్ ఉంటే మరింత జాగ్రత్త అవసరం. ఫొటో తీశాక ‘బాగుందా?’ అని అడిగి వదిలేయొద్దు. ఫొటో స్పష్టంగా వచ్చిందా, మళ్లీ ఎప్పుడు రావాలి, ఏ ఆసుపత్రికి వెళ్లాలి.. ఈ మూడూ కాగితం మీద రాయించుకోండి. లేజర్ పోయిన చూపును సాధారణంగా తిరిగి తేలేదు, ఉన్న చూపును మాత్రం కాపాడగలదు. అందుకే కన్ను బాగా కనిపిస్తున్నప్పుడే వెళ్లాలి.